గెడ్డకు పటం గీసిన ఏడాది

మొన్నటి వానలకు మా వీధి మోకాటి లోతు మునిగాక, ఆ నీళ్ళు ఎటు పోవాలో తేల్చడానికి ఒక అమ్మాయి వచ్చింది. నెత్తిన టోపీ, కాళ్ళకు బూట్లు, భుజాన మూడు కాళ్ళ స్టాండు. మా గేటు ఎదురుగానే ఆ స్టాండు నిలబెట్టి, దాని మీద పసుపుపచ్చని యంత్రమేదో బిగించి, ఒక కన్ను మూసి అందులోంచి చూడటం మొదలుపెట్టింది. పాలవాడు పక్కనుంచి వెళ్ళిపోయాడు. స్కూలు ఆటో వెళ్ళిపోయింది. ఎదురింటాయన పేపరులోంచి తలైనా ఎత్తలేదు. ఒక ఆడపిల్ల నడివీధిలో నిలబడి నేల కొలుస్తుంటే అది ఎవరికీ వింతగా తోచకపోవడమే నాకు పెద్ద వింతగా తోచి, వాకరు పట్టుకుని గేటు దాకా నడిచాను. ఎండగా ఉంది, లోపలికొచ్చి కాస్త మజ్జిగ తాగి వెళ్ళమన్నాను. నేనూ ఒకప్పుడు ఈ పని చేసినదాన్నేనని చెబితే ఆ అమ్మాయి గ్లాసు పక్కన పెట్టి, "ఆ రోజుల్లో మీ ఇంట్లో ఎలా ఒప్పుకున్నారు మామ్మగారూ?" అని అడిగింది. నిలబడి మజ్జిగ తాగేలోగా చెప్పగలిగిన జవాబు కాదది. ఆమె తన పని మీద వెళ్ళిపోయింది కానీ, ఆ రోజంతా నా మనసు మాత్రం చోడవరం దగ్గరి మా పిన్ని ఊళ్ళోనే ఉండిపోయింది.

మద్రాసు నుంచి విడిపోయి మనకంటూ ఒక రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులవి. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఏ పని మొదలుపెట్టినా, అది పిల్లలకు ఎక్కాలు చెప్పడమైనా సరే, దేశానికేదో ఒరగబెడుతున్నట్టే ఉండేది. నేను వాల్తేరులో భూగోళశాస్త్రం చదివి, అందులోనే పరిశోధన చేస్తానని పట్టుబట్టాను. భూగోళమంటే రాజధానుల పేర్లూ నదుల పొడవులూ కంఠతా పట్టడమేనని నమ్మిన మా నాన్నగారికి, ఆ పేర్లన్నీ పుస్తకాల్లో ఉండగా ఇంకా పరిశోధించడానికి ఏం మిగిలిందో ఎంతకీ బోధపడలేదు. మా ప్రొఫెసరుగారు నెమ్మదస్తుడు, చొక్కా జేబులో ఎప్పుడూ ఏదో ఊరి మట్టి పొట్లం ఉండేది. పెద్దపెద్ద నదుల గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, మన కొండల కింద పారే గెడ్డల గురించి రాసినవాళ్ళు లేరు, కొండా గెడ్డా పొలమూ మనుషులూ ఒకరినొకరు ఎలా మార్చుకుంటున్నారో ఒక్కచోట కూర్చుని చూడు అన్నారాయన. గెడ్డంటే మా వైపు కొండవాగు. చోడవరం నుంచి చీడికాడ వైపు కొంత దూరం పోతే, అలాంటి గెడ్డ ఒకటి మా పిన్ని వాళ్ళ ఊరి పక్కనుంచే పారుతుందని నాకు తట్టింది. పరాయి ఊరైతే నాన్నగారు గడప దాటనిచ్చేవారు కాదు. పిన్ని ఇల్లు కనుక, ఒక ఏడాది గడువు పెట్టి, ఆ తరువాత పెళ్ళి మాటకు అడ్డు చెప్పకూడదని ఒప్పించుకుని పంపించారు.

అనకాపల్లి దాకా రైలు, అక్కడి నుంచి చోడవరానికి బస్సు, ఆపైన బాబాయి పంపిన ఎడ్లబండి. నా పెట్టెతో పాటు పటం గీసే చెక్కబల్ల, దాని మూడు కాళ్ళు, కొలత గొలుసు, నల్లగొడుగు కూడా బండిలోంచి దిగేసరికి ఊరు ఊరంతా గుమిగూడింది. జమీందారీలు రద్దయి, ప్రభుత్వం వాళ్ళు వచ్చి భూములు కొలిచి పోతున్న రోజులు కావడంతో, ఈసారి ఆడమనిషిని పంపించారని పుకారు పుట్టింది. నేను బల్ల నిలబెట్టిన చోటల్లా జనం తమ పొలం గట్టు మీద కాపలాగా నిలబడేవారు. అడిగినదానికి జవాబు చెప్పేవారు కాదు. రెండోవారంలో పిన్ని నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిప్పి అందరికీ ఒకే మాట చెప్పింది.

"మాయక్క కూతురు. దీని సదువు ఇంకా అవలేదు. అయ్యేదాకా గెడ్డ కొలవమన్నార్ట పంతుళ్ళు."

అంత వయసొచ్చినా చదువు పూర్తికాని పిల్ల అనేసరికి ఊరి ఆడవాళ్ళకు నా మీద జాలి కలిగింది. ఆ తరువాత నన్ను ఎవరూ అనుమానించలేదు సరికదా, ఎండలో బల్ల దగ్గర నిలబడి ఉంటే తాటిముంజెలు తెచ్చి పెట్టేవారు. నా చదువుకు దొరికిన గౌరవాలన్నిటిలోకీ నాకు ఇప్పటికీ ఇష్టమైనది ఆ జాలే.

మా బాబాయి భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. ఆయనకు గెడ్డ ఒడ్డున పల్లపు మడులూ, మెరక మీద చెరుకు తోటా ఉండేవి. చెరుకు కొట్టే రోజుల్లో గానుగ ఆడించి, పెద్ద పెనాల్లో రసం మరిగించి బెల్లం వండించేవాడు. పంచదార ఫ్యాక్టరీ వస్తుందట, వస్తే బెల్లం వంట ఉండదట అని జనం అనుకుంటున్నా, అప్పటికింకా ఊరంతటి బతుకూ ఆ పెనాల మీదే ఉండేది. ఆయనకు ఒక్కతే చెల్లెలు. గెడ్డకు ఎగువనున్న ఊరికి ఇచ్చారు. ఆమెను నేను అత్త అనీ, ఆమె భర్తను మావయ్య అనీ పిలిచేదాన్ని. అన్నాచెల్లెళ్ళ మధ్య ఎంత ప్రేమంటే, బాబాయి మాడుగుల మీదుగా ఎప్పుడు వచ్చినా హల్వా పొట్లాలు రెండు తెచ్చేవాడు, ఒకటి పిన్నికి, ఒకటి ఎగువూరికి. ఎగువూరి పొట్లం ఎప్పుడూ కాస్త పెద్దదిగా ఉంటుందని పిన్ని నవ్వుతూనే అనేది.

ఆ వేసవి అంతా నేను గెడ్డ పొడవునా కొలతలు తీసుకుంటూ, ఎక్కడ ఎంత వెడల్పుందో, ఏ ఒడ్డున ఏ మొక్క ఉందో పటంలో గుర్తులు పెట్టుకుంటూ తిరిగాను. ఉదయం పూట కొండ ఎక్కేదాన్ని. దూరాన్నుంచి కొండలా కనిపించేది కానీ, ఎక్కి చూస్తే అది మొద్దుల కొండ. పూర్వం జమీందారు మనుషులు కాపలా ఉండి కొండ మీద గొడ్డలి పడనిచ్చేవారు కాదట. వాళ్ళు వెళ్ళిపోయి, ప్రభుత్వపు కాపలా ఇంకా రాని ఆ సందులో కొండకు దిక్కు లేకపోయింది. ఎవరు ముందు కొట్టుకుంటే వాళ్ళదే అన్నట్టు బండ్లు ఎక్కాయి, బండ్లు దిగాయి. మద్ది, తుమికి, చిల్ల అన్నీ పోయి, కలే పొదలూ తంగేడు మొక్కలూ అక్కడక్కడా మిగిలాయి. చిల్లగింజను కుండ అడుగున అరగదీస్తే గెడ్డ నీళ్ళు ఇట్టే తేరుకునేవని ఆడవాళ్ళు చెప్పేవారు. నీళ్ళు బురదెక్కుతున్న రోజుల్లోనే ఆ చెట్టు కనబడకుండా పోయింది. అదంతా రాసుకున్నాను. అప్పటికి అది నా పరిశోధనలో ఒక అధ్యాయం, అంతే.

ఆశ్వయుజంలో తుఫాను పట్టింది. మూడో రోజు తెల్లవారేసరికి వాన తెరిపి ఇచ్చింది కానీ, గెడ్డ హోరు మాత్రం ఇంట్లోకి వినిపిస్తోంది. బాబాయి వెనకే మేమంతా పల్లంలోకి పరుగెత్తాం. పొట్టకొచ్చిన వరి ఉండవలసిన చోట ఎర్రటి ఇసుక పరుచుకుని ఉంది. అక్కడక్కడా వరి కొసలు ఇసుకలోంచి వేళ్ళలా బయటికి కనబడుతున్నాయి. బాబాయి ఆ ఇసుకలోకి దిగి, వంగి ఒక దుబ్బును లాగబోయి, అది రాక అలాగే వంగి ఉండిపోయాడు. అంతటి మనిషి అలా ఉండిపోవడం చూసి పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది.

మధ్యాహ్నానికి ఎగువూరి కబురు తెలిసింది. అక్కడి వాళ్ళు తమ మడుల కోసం గెడ్డకు అడ్డంగా వేసుకున్న మట్టికట్ట తెగిపోయింది. ఆ మాట వినగానే బాబాయి నిటారుగా లేచాడు.

"ఇది వానకి తెగిన కట్ట కాదు. మా బావ తెగ్గొట్టించేడు. ఆడి మడి మిగలడానికి నా మడి ముంచేడు."

దానికి సాక్ష్యం లేదు. అయితే కష్టం వచ్చిన మనిషికి సాక్ష్యం కంటే ముందు ఒక మొహం కావాలి. దిగువూరి వాళ్ళందరూ అదే మాట అందుకున్నారు. కర్రలు పట్టుకుని వెళ్ళబోయిన కుర్రవాళ్ళను పెద్దవాళ్ళు ఆపారు. ఆగినవి చేతులే. మాటలు ఆగలేదు. ఎగువూరి గడప తొక్కనని బాబాయి ఒట్టు పెట్టుకున్నాడు. మాఘంలో అత్త కూతురి పెళ్ళి ముహూర్తం అప్పటికే పెట్టుకుని ఉన్నారు. మన పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకురావలసింది మేనమామే కదా. ఆ పిల్లకు ఉన్న ఒక్క మేనమామా మా బాబాయే.

వారం తిరగకుండా బాబాయి నా దగ్గరికొచ్చాడు. నేను అరుగు మీద పటం పరుచుకుని కూర్చున్నాను.

"ఒసే గుంటా, గెడ్డంతా కొలిసేవు కదా. ఆ పటం ఒకటి నాక్కూడా గీసియ్యి. చోడవరం కోర్టులో పెడతాను. కాగితం మీద గీతుంటే జడ్జీగారు కాదనడు."

ఇన్ని నెలలుగా అన్నం పెడుతున్న మనిషి మొదటిసారి ఒకటి అడిగాడు. సరేనంటే నాకు తెలియని సంగతిని తెలిసినట్టు గీయాలి. కాదంటే, ఆ ఇంట్లో ఇంకేం మొహం పెట్టుకుని ఉండను? ఇంకోసారి అంతా చూసి గీస్తానని చెప్పి, మర్నాడు మడిలోకి దిగాను. ఇసుకలో గొయ్యి తవ్వించి చూస్తే కింది నుంచి పైదాకా ఒకటే రంగు, ఎర్రటి గరుకు రేణువులు, మధ్యమధ్య గులకరాళ్ళు. అక్కడి నుంచి గెడ్డ వెంటే ఎగువూరికి నడిచి, తెగిన కట్ట దగ్గర మట్టి తీశాను. అది నల్లటి బంకమట్టి. తడిపితే వేళ్ళకు అంటుకుని వదలదు. అలాంటి కట్ట ఎంత తెగితే మాత్రం, బాబాయి మడిలోకి ఎర్ర ఇసుక ఎలా వస్తుంది?

అత్త నన్ను చూసి గెడ్డ ఒడ్డు దాకా వచ్చింది. ఇంటికి రమ్మనలేదు, వస్తే బాబాయికి తెలిసి నాకు మాట వస్తుందని కాబోలు. చెంబుతో నీళ్ళిచ్చి, "మాయన్నయ్య అన్నం సరిగా తింటన్నాడేటి?" అని అడిగింది. తింటున్నాడని చెప్పాను. గెడ్డకేసి తిరిగి, "గుంట పెళ్ళికి బుట్ట ఎవులు ఎత్తుతారే?" అంది. ఖాళీ చెంబు తిరిగిచ్చి కొండ దారి పట్టాను.

వేసవిలో నేను నడిచిన కాలిబాటలు కొండ మీద లేవు. వాటి బదులు నడుము లోతు కోతలు పడి ఉన్నాయి. చెట్ల వేళ్ళు పట్టుకుని ఉంచిన ఎర్రమట్టి, వేళ్ళు చచ్చాక, ఒక్క తుఫానుకు గెడ్డలోకి జారిపోయింది. వేసవి కొలతలు నా దగ్గర ఉన్నాయి కనుక అది ఊహ కాదని నాకు తెలుసు. మూడు చోట్ల మట్టినీ పొట్లాలు కట్టుకుని వాల్తేరు వెళ్ళాను. ప్రొఫెసరుగారు మూడు గాజు సీసాల్లో నీళ్ళు పోసి, ఒక్కొక్క మట్టీ వేసి కుదిపి కిటికీలో పెట్టారు. మడిలోదీ కొండదీ చూస్తుండగానే అడుక్కి దిగి పైన నీళ్ళు తేటపడ్డాయి. కట్టది మాత్రం మేం టిఫిను తిని వచ్చేసరికి కూడా నల్లగా తేలుతూనే ఉంది. ఆయన సంతోషించారు. ఆ తరువాత నా మొహం చూసి, సంగతంతా అడిగి తెలుసుకుని, చూసింది చూసినట్టే రాయమనీ, రాసే ముందు ఎవరింట్లో అన్నం తింటున్నానో వాళ్ళతో చెప్పమనీ అన్నారు.

తిరిగొచ్చిన మర్నాడు ఉదయం పెరట్లో బాబాయి వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. బట్టలుతికే బండ మీద మూడు సీసాలూ పెట్టి, ఏది ఏ మట్టో చెప్పి, కుదిపి చూడమన్నాను. ఆయన వింతగా చూస్తూనే ఒక్కొక్కటీ తీసి కుదిపాడు. మట్టి అడుక్కి దిగేదాకా వాటికేసి చూసి, "అయితే ఏటంటావు?" అన్నాడు.

"కట్ట వల్ల కాదు బాబాయ్. అది తెగినా తెగకపోయినా మన మడిలోకి ఈ ఇసుక వచ్చేది. ఇది కొండది. దాన్ని పట్టి ఉంచడానికి పైన చెట్లు లేవు."

"చెట్లు ఏటయ్యాయి?"

పొయ్యి దగ్గర నుంచి పిన్ని తలెత్తకుండా అంది. "మన పెనాల కింద కాలినాయి."

బాబాయి నోట్లో పుల్ల తీసి పారేసి, మొహమైనా కడుక్కోకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు మొదలు ఆయన నాతో మాట్లాడలేదు. కోప్పడినా బాగుండేది. అన్నానికి వచ్చేవాడు, నేనున్న వైపు చూడకుండా తిని లేచిపోయేవాడు. ఇక నేను ఉండకూడదనిపించి ఒక మధ్యాహ్నం పెట్టె సర్దుకున్నాను. పిన్ని వచ్చి పెట్టె తెరిచి, నా చీరలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ దండెం మీద వేసింది. "నిజం సెప్పినోళ్ళు ఎల్లిపోతే, అది నిజం కాదనుకుంటారు. ఉండు," అంది. ఆవిడ బడికి పోయినది లేదు. అయినా, కాగితాల మీద నేను రాసిన వాక్యాలేవీ ఆ మాటకు సరిరాలేదు.

ఒక తెల్లవారుజామున బాబాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "బూట్లేసుకో. కొండకి పోదాం," అన్నాడు.

పైకి వెళ్ళాక ఆయన ఒక కోతలోకి దిగి, గోడలా నిలబడ్డ ఎర్రమట్టిని అరచేత్తో రాసి చూసుకున్నాడు. కొంచెం పైన పెద్ద మద్దిమొద్దు ఉంది, దాని వేళ్ళన్నీ మట్టి పోయి గాలిలో వేలాడుతున్నాయి. దాని దగ్గర ఆగిపోయాడు. "దీన్ని నానే కొట్టించేను. మాయమ్మ అప్పట్లో వద్దంది కూడాను. పెనం దిగాలి కదా అన్నాను," అన్నాడు. అని ఆ మొద్దు మీదే కూర్చున్నాడు. అక్కడి నుంచి రెండు ఊళ్ళూ కనబడుతున్నాయి. దిగువన ఆయన మడి, ఎర్రగా. ఎగువూరి పక్కన ఇంకో మడి, అదీ ఎర్రగానే.

"ఆ మడి ఎవులిది?"

"మావయ్యదే బాబాయ్."

"ఆడిది కూడా పోయిందేటి? మరి సెప్పలేదేటే?"

పటంలో గుర్తు పెట్టానన్నాను. తుఫాను తరువాత ఆయన ఆ వైపు తొంగి చూడలేదు, ఊళ్ళో ఎవరూ చూడలేదు. తన మడి మునిగింది ఎదుటివాడి మడి మిగలడానికేనని అందరూ నమ్మి కూర్చున్నారు. బాబాయి లేచాడు. ఇంటి వైపు కాకుండా కొండకు అవతలి వైపు దిగడం మొదలుపెట్టాడు. రాళ్ళలో ఆయన వెనకాల పరుగులాంటి నడక నడిచాను.

ఎగువూళ్ళో మావయ్య వాకిట్లోనే ఉన్నాడు. ఆయన పలకరించలేదు, ఈయనా పలకరించలేదు. వీధిలో వాళ్ళంతా ఎక్కడి వాళ్ళక్కడ నిలబడిపోయారు. అత్త గుమ్మంలోకి వచ్చి ద్వారబంధం పట్టుకుంది. బాబాయి మావయ్యకేసి కాకుండా చూరు కేసి చూస్తూ అడిగాడు.

"బుట్ట కొన్నారేటి?"

"నేదు," అన్నాడు మావయ్య. "మేనమామ తేవాలి కదా."

అంతే. క్షమించమనడాలూ కౌగిలించుకోవడాలూ మా వైపు మగవాళ్ళకు రావు. అత్త లోపలికి వెళ్ళి అన్నకు మజ్జిగ తెచ్చింది. మాఘంలో పెళ్ళి జరిగింది. బాబాయి తానే చోడవరం వెళ్ళి కొత్త బుట్ట తెచ్చి, మేనకోడల్ని అందులో కూర్చోబెట్టుకుని పందిట్లోకి తీసుకొచ్చాడు. బరువుకో మరెందుకో, ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

పెళ్ళి హడావిడి తగ్గాక రెండు ఊళ్ళ వాళ్ళూ మా బాబాయి బెల్లంపాకలో కూర్చున్నారు. సరిగ్గా ఆ రోజే మా నాన్నగారు, ఏడాది గడువు అయిపోవస్తోందని, నన్ను తీసుకుపోవడానికి వచ్చారు. పాకలో మగవాళ్ళందరి మధ్యా నేను నేల మీద పటం పరిచి, ఎక్కడ కోతలు పడ్డాయో, మళ్ళీ వానొస్తే ఎవరి మడుల్లోకి దారి ఉందో చూపించడం ఆయన స్తంభం పక్కన నిలబడి విన్నారు. గెడ్డ వైపు వాలంతా మూసేద్దామనీ, గొడ్డలీ పశువూ అటు పోకూడదనీ, పెనాల కింద ఎండు చెరుకుపిప్పే కాల్చాలనీ బాబాయీ మావయ్యా ఒక్క మాట మీద చెప్పారు. అందరూ తలలూపారు. అప్పుడు పిన్ని, పాక బయట ఆడవాళ్ళతో నిలబడి ఉన్నది, గుమ్మంలోకి వచ్చింది.

"మీకు మడులున్నాయి, పిప్పి ఉంది. కట్టెమోపులు చోడవరం మోసి అమ్ముకున్నోళ్ళకి ఏటుంది? రేపటి నుంచి ఆళ్ళు ఏటి తింటారు?"

నా పటంలో ప్రతి మొద్దుకూ గుర్తుంది కానీ, ఆ మోపుల ఆడవాళ్ళు లేరు. ఆ పూట చాలా వాదన జరిగింది, ఒకసారి లేచిపోయినవాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చున్నారు. చివరికి కొండ అవతలి వాలు మోపుల వాళ్ళకు వదిలేసేలా, రాలిన ఎండుపుల్ల ఎక్కడున్నా ఏరుకోనిచ్చేలా, కోతల్లో నీటి జోరు తగ్గడానికి రాళ్ళు పేర్చే పని ఆ ఆడవాళ్ళకే కూలికి ఇచ్చేలా తీర్మానమైంది. కొండ భుజం మీద రాళ్ళు వరుసగా పాతి, గొడ్డలీ పశువూ అది దాటకూడదన్నారు.

తిరుగు రైల్లో నాన్నగారు కిటికీలోంచి చూస్తూ, భూగోళమంటే ఇదా అన్నారు. ఇంటికి వెళ్ళాక, అది రాయడం పూర్తవడానికి ఇంకెంత కాలం పడుతుందని అడిగారే తప్ప పెళ్ళి మాట ఎత్తలేదు. ఆ మాట మళ్ళీ వచ్చేసరికి నా పరిశోధన అచ్చయి అట్టలు కట్టుకుంది. నాకు భర్తగా కూడా నా కొలత గొలుసు చూసి నవ్వని మనిషే దొరికారు.

అంతా వెంటనే బాగుపడిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. మరుసటి వానలకు గెడ్డ మళ్ళీ ఎర్రగానే వచ్చింది, నవ్వినవాళ్ళు నవ్వారు. అక్కడక్కడా దొంగతనంగా గొడ్డలి పడింది. కానీ పేర్చిన రాళ్ళ వెనకాల మట్టి నిలిచింది, మట్టిలో గడ్డి, గడ్డి చాటున కలే పొదలు వచ్చాయి. బాబాయి మడిలో ఇసుక ఎత్తిపోయించడానికి పడ్డ పాట్లు చెప్పనలవి కాదు, మావయ్య బండ్లు కూడా ఆ ఇసుక మోశాయి. నేను విశాఖపట్నంలో ఆడపిల్లల కాలేజీలో పాఠం చెప్పిన ఏళ్ళలో, నా విద్యార్థినులను ప్రతిసారీ ఆ కొండకే తీసుకుపోయేదాన్ని. మాఘానికే ఎండిపోయే గెడ్డ క్రమంగా ఉగాది దాటాక కూడా పారడం మేమే కొలిచి చూశాం. నీళ్ళు తేరుకోవడానికి చిల్లగింజ అవసరం లేకుండా పోయిన రోజుల్లోనే, కొండ మీద చిల్లమొక్కలు మళ్ళీ మొలిచాయి. పిన్ని ఆ మాట విని, అవసరమున్నప్పుడు రావడం చేతకాదు కాబోలు దానికి అని నవ్వింది.

కొన్నేళ్ళ కిందట, ఇంకా వాకరు పట్టని రోజుల్లో, చివరిసారిగా వెళ్ళాను. కారు కొండ పాదం దాకా పోయింది. బెల్లం పెనాలు పోయాయి, చెరుకు లారీలెక్కి ఫ్యాక్టరీకి పోతోంది, ఇళ్ళలోకి గ్యాసు వచ్చాక కట్టెల కోసం కొండెక్కే మనిషే లేడు. కొండ పచ్చగా ఉండటంలో మా పాక తీర్మానం పాలెంతో, ఆ గ్యాసుబండ పాలెంతో నేను చెప్పలేను. ఇప్పుడైతే ఏ కొండ ఎంత పచ్చగా ఉందో ఆకాశంలోంచి తీసిన బొమ్మల్లో ఇంట్లో కూర్చునే చూడొచ్చట, చాలా మంచిది. ఆ రోజుల్లో అది తెలియాలంటే ఎవరింట్లోనో ఏడాది అన్నం తినవలసి వచ్చేది, వాళ్ళ తగువులో తల దూర్చవలసి వచ్చేది. ఆ తిప్పలు ఈ పిల్లలకు లేవు. ఆ అన్నమూ లేదు.

రాళ్ళ వరుస దగ్గర ఒక ఆవిడ మేకలు కాస్తోంది. నేను పైకి అడుగు వేయబోతే, "మీరెల్లొచ్చమ్మా, మేకలే ఎల్లకూడదు," అంది. ఎందుకని అడిగాను. "తెల్దమ్మా. మాయమ్మ సెప్పేది, ఈ రాళ్ళు దాటించకూడదని. ఆళ్ళమ్మ సెప్పేదట." చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది, చెప్పబోయి ఊరుకున్నాను. బాబాయీ పిన్నీ, అత్తా మావయ్యా, నాన్నగారూ, ఆ పాకలో అరుచుకున్నవాళ్ళలో ఒక్కరూ లేరు. బాబాయి గొంతు ఎంత పెద్దగా ఉండేదో గుర్తున్న మనిషిని నేనొక్కదాన్నే మిగిలానేమో. మేకలు రాళ్ళ ఇవతలే మేస్తున్నాయి. నేను తొలిసారి ఎక్కిన వేసవిలో ఆ కొండ మీద ఎంత గాలి వీచినా చప్పుడు ఉండేది కాదు, ఊగడానికి ఆకు లేక. ఆ మధ్యాహ్నం చిన్న గాలికే పైన చెట్లన్నీ గలగలమన్నాయి, ఆవిడ అటు చూడనైనా లేదు.